కవరు తీయని కారు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. ఉద్యోగం కొత్త, కారు కొత్త, తండ్రిని కావడం ఇంకా కొత్త. ఇన్ని కొత్తలు ఒకేసారి నెత్తికెక్కితే మనిషి ఎలా ఉంటాడో చీపురుపల్లి బడిలో నా తోటి పంతుళ్లని అడిగితే ఇప్పటికీ చెబుతారు. కారులో చంటిపిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోకూడదని ఎక్కడో చదివాను. చదివిందే తడవుగా విశాఖపట్నం వెళ్లి, ఏడాదిన్నర వయసున్న మా అమ్మాయికి ఒక కారు కుర్చీ కొనుక్కొచ్చాను. ఇక వీధిలో పిల్లనెత్తుకుని కనిపించిన ప్రతివాళ్లకీ నా ఉపన్యాసమే (కారు లేనివాళ్లకి కూడా).

కుర్చీ వెనకనుంచి కారు బెల్టు దూర్చి బిగించాలని, దాంతో వచ్చిన కాగితంలో బొమ్మ ఉంది. తీరా చూస్తే ఆ బెల్టు తగిలించే గూడు, వెనక సీటుకి తొడిగిన ప్లాస్టిక్ కవరు కింద ఉండిపోయింది. కొత్త కారుకి కవరు తీయడమా! మా ఇంట్లో టీవీ రిమోటుకే మూడేళ్లు కవరు తీయలేదు. కవరున్నంతకాలం కారు కొత్తదే, నేనూ కొత్త కారు ఆసామినే. "బావా, బెల్టు కట్టాలట కదా?" అని మా ఆవిడ అడిగితే, "ఇంత బరువున్నాది, ఎక్కడికెల్తాది?" అనేశాను.

ఆ ఆదివారం శృంగవరపుకోటలో మా బావమరిది గృహప్రవేశం. మా అత్త కూడా మాతో బయల్దేరింది. (మా నాన్న చెల్లెలే నాకు అత్తగారు. అల్లుడని మర్యాదలేవీ ఉండవు, ఒరే అంటుంది.) కుర్చీలో పట్టీలతో బిగించి ఉన్న మనవరాల్ని చూడగానే ఆవిడ ప్రాణం విలవిల్లాడింది.

"పిల్లనేటిరా, సంతకెల్లే కోడిలాగ కట్టీసినావు? ఇలాగియ్యి, నా ఒల్లో ఎట్టుకుంటాను."

"కుదరదత్తా. బ్రేకేస్తే నీ చేతులాగవు" అని మొదలుపెట్టి ఊరు దాటేదాకా బోధించాను. అంతా విని, ఆవిడ కుర్చీని ఓసారి కదిపి చూసింది. "ఇది ఊగుతన్నాది రా."

"నీకు తెలీదు, ఊరుకో. దాన్ని ముట్టుకోకు."

ఊరుకుంది గానీ చెయ్యి తీయలేదు. అద్దంలో చూస్తూనే ఉన్నాను. పాతకాలం మనిషి అని నవ్వుకున్నాను కూడా.

గజపతినగరం దాటాక మేకల మంద ఒకటి రోడ్డుకి అడ్డంగా వచ్చింది. బ్రేకు గట్టిగా తొక్కాను. వెనక సర్రుమని చప్పుడు, గాజులు భళ్లుమన్న చప్పుడు, మా ఆవిడ కేక, మూడూ ఒకేసారి వినిపించాయి. తిరిగి చూసేసరికి నా పైప్రాణాలు పైనే పోయాయి. కుర్చీ పిల్లతో సహా ప్లాస్టిక్ మీద జారి, ముందు సీట్ల సందులోకి ఒరిగి ఆగి ఉంది. ఆపింది మా అత్త చెయ్యి. మోచేతిదాకా గీరుకుపోయి రక్తం కారుతోంది. పిల్లకి చిన్న దెబ్బైనా తగల్లేదు. ఇదేదో ఆటనుకుని "మల్లీ! మల్లీ!" అని చప్పట్లు కొడుతోంది.

అత్త తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"పిల్లని కుర్సీకి కట్టినావు, బాగున్నాది. కుర్సీని దేనికి కట్టినావురా?" అంది. "బండి మీద బస్తా ఏసి తాడెయ్యకండా తోలీసినోడిని ఎక్కడైనా సూసినావా?"

కారు దిగి, వెనక తలుపు తెరిచి, కవరు పట్టి లాగాను. రాలేదు. అత్త పిన్నీసు అడిగి తీసుకుని పొడిచాను. చివరికి పళ్లతో చింపుతుంటే, మేకలవాడు పరిగెత్తుకొచ్చి "అయ్యయ్యో! కొత్త కారు బాబూ, సింపకండి!" అని నిజంగానే బాధపడ్డాడు. అంతవరకు నేనూ అతని జాతివాణ్ణే కదా, కోప్పడలేకపోయాను. గూడు బయటపడింది. బెల్టు బిగించి, కుర్చీని అత్త చేతే కదిపించి, ఆవిడ ఊఁ అన్నాకే కారు కదిలించాను. శృంగవరపుకోట వరకు ఉపన్యాసమేమీ లేదు.

మా అమ్మాయిప్పుడు ఎనిమిదో తరగతి, వాళ్లమ్మని మించి ఎదిగింది. ముందు సీట్లో కూర్చుంటుంది. ఎంత చిన్న బ్రేకు పడినా నా ఎడమచెయ్యి తనంతట తనే వెళ్లి దాని ముందు అడ్డం పడుతుంది. "ఏటి నాన్నా, బెల్టెట్టుకున్నాను కదా!" అని విసుక్కుంటుంది. ఎట్టుకుందని నాకూ తెలుసు. బయల్దేరేముందు రెండుసార్లు లాగి చూసింది నేనే. అయినా ఆ చెయ్యి వెనక్కి రావడానికి కాస్త సమయం పడుతుంది.