ఆ పొద్దు అందుకోని కారు

మా మెకానిక్ మామ పోయాడు. నిన్న తెల్లవారుజామున అన్న ఫోన్ చేసి ఆ ఒక్క మాట చెప్పి, ఇంక మాట్లాడలేక పెట్టేశాడు. పులివెందుల నుంచి జమ్మలమడుగు దాకా బస్సులో ఏడుస్తూనే వచ్చాను.

ఆయన మాకు చుట్టమేమీ కాదు. మా ఊరివాడు, అంతే. జమ్మలమడుగులో షెడ్డు. టీ ఎప్పుడూ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ తాగేవాడు. సబ్బు ఎంత రుద్దినా చేతుల పెట్రోలు వాసన పోయేది కాదు. ఆ చేతులతోనే నా పెళ్ళిలో అక్షింతలు వేశాడు.

పార్టీల గొడవలు ముదిరిన రోజుల్లో రెండు వర్గాల బండ్లూ ఆయన దగ్గరికే వచ్చేవి. "సీటు కింద ఏముంటే అది యాడన్నా పెట్టి రాపో. ఈడికి బండి ఒకటే రావల్ల" అనేవాడు. కత్తులు దించకుండా వస్తే బానెట్ ముట్టడు. అంత మొండి మనిషి.

సెల్ఫ్ తిరుగుతోంది గానీ ఇంజిన్ అందుకోవడం లేదని ఎవరైనా గాబరాగా వస్తే, ముందు వాళ్ళనే నెమ్మదింపజేసేవాడు. "బ్యాటరీని సంపొద్దబ్బీ. పెట్రోలు వస్తాందా, నిప్పు వస్తాందా, అది సూడు. కోపంతో కొడితే ఏ బండీ అందుకోదు."

ఆ గొడవల్లోనే మా చిన్నాయనను చేని గట్టు మీద నరికేశారు. దినాలు కూడా కాకముందే, ఒక పొద్దున అన్న మనుషులను కారులో ఎక్కించుకున్నాడు. ఎక్కడికో అందరికీ తెలుసు. అమ్మ గడపలోనే కూలబడింది. అన్న తాళం తిప్పాడు. ఇంజిన్ తిరిగింది, అందుకోలేదు. తిప్పి తిప్పి విసిగి, చివరికి మామకు కబురు పంపాడు.

మామ వచ్చి పెట్రోలు పైపు ఊడదీశాడు. పెట్రోలు వస్తోంది. ప్లగ్గు తీగను ఇంజిన్ ఇనుముకు దగ్గరగా పట్టుకుని "ఇప్పుడు సెల్ఫ్ కొట్టబ్బీ" అన్నాడు. నిప్పురవ్వ రాలేదు. ప్లగ్గులకు నిప్పు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీశాడు. లోపల ఒక తీగ వదులైంది, బిగిస్తే బండి పోయేదేనని తర్వాత నాతో చెప్పాడు. ఆయన బిగించలేదు. లోపల తిరిగే రోటర్ ముక్కను కూడా పీకి పంచె మడతలో దోపుకున్నాడు. నీళ్ళ చెంబుతో పక్కనే ఉన్న నేను చూశాను.

"నీళ్ళియ్యమ్మీ" అని చెంబు అందుకుని, అన్న వైపు తిరిగాడు. "రోటర్ పోయిందబ్బీ. ప్రొద్దుటూరు పోయి తేవల్ల."

"ఎంతసేపు పడతాది?"

"బస్సును బట్టి ఉంటాది."

పోయినవాడు పొద్దుగూకినా రాలేదు. అంతలో ఊళ్ళో పోలీసులు దిగారు, పెద్దమనుషులు వచ్చి కూర్చున్నారు. అన్న మామను నానా తిట్లూ తిట్టాడు. ఆయన అన్నీ పడ్డాడు. నేను బాధపడితే, "తిట్టనీలేమ్మీ. తిట్టేదానికి వాడుండాడు గదా" అనేవాడు. ఈ రోజు నాకు తోడబుట్టినవాడు ఉన్నాడంటే అది ఆయన పెట్టిన భిక్షే.

నిన్న పాడె కడుతుండగా, ఇంక దాచలేక అన్నను పక్కకు పిలిచి అంతా చెప్పేశాను.

"తెలుసులే" అన్నాడు అన్న. "ఆయప్ప చెయ్యి మడతలోకి పోయేది బానెట్ సందులోంచి చూసినా. నాకూ ఆ పొద్దు కారు దిగల్లనే ఉన్న్యాదిమ్మీ. అందరి ముందర యాడ దిగుదును?"

పాడె లేచింది. ముందు కొస అన్న భుజానికెత్తుకున్నాడు. మలుపు దాకా చూస్తూ నిలబడ్డాను. భుజం మార్చుకుందామని ఎవరెవరో వచ్చారు. అన్న ఎవరికీ ఇవ్వలేదు.