క్యాంటీన్ కార్డు మీద తెప్పించిన సీసా

దగ్గరికి జరిగి కూర్చోండి. గట్టిగా చెప్పుకునే మాట కాదు ఇది. ఆరేళ్లుగా నాతోనే లేస్తోంది, నాతోనే పడుకుంటోంది. మా ఆయనకు చెప్పలేదు, పాస్టరుగారికి చెప్పలేదు. ప్రార్థనలో కూడా ఆ చోటికి వచ్చేసరికి పక్కకు తప్పుకుని వేరే మాట ఎత్తుకుంటాను. దేవుడికి తెలియదా? తెలుసు. కానీ నా నోటితో నేను చెప్పలేదు కదా.

నేను వంటమనిషిని. నాంపల్లి స్టేషనుకూ ఆబిడ్స్‌కూ నడుమ ఒక గల్లీలో, రోడ్డు మీద బతికి తాగుడు మానినవాళ్ల కోసం ఒక సారు నడిపే ఇల్లుంది. అక్కడ ఎవరి గది వారిది, ఎవరి తాళంచెవి వారిది. ఎవరైనా మళ్లీ తాగి వచ్చినా బయటికి గెంటరు. పడుకోబెట్టి, తెల్లారాక మాట్లాడతారు.

అక్కడ ఉండే యాదగిరన్న మిలిటరీలో హవల్దారుగా చేసి వచ్చినవాడు. తాగుడుకు ఇల్లు పోయింది, భార్య పోయింది, ఒక్కగానొక్క కూతురు మాట్లాడడం మానేసింది. చాలా ఏళ్లు స్టేషను గోడ పక్కనే పడుకున్నాడు. అక్కడ కూడా పొద్దున లేవగానే దుప్పటి అంచుకు అంచు కలిపి మడిచేవాడట. సారు ఇంటికి వచ్చిన కొత్తలో తాళంచెవిని దారానికి కట్టి మెడలో వేసుకున్నాడు. స్నానానికి కూడా తీసేవాడు కాదు. నన్ను చెల్లె అనేవాడు. నా చేతి పప్పుచారు తింటే మనిషినయినట్టు ఉంటుందనేవాడు.

సారు ఆఫీసుల చుట్టూ తిరిగి అతని పెన్షనూ మిలిటరీ క్యాంటీన్ కార్డూ మళ్లీ ఇప్పించాడు. ఆ కార్డు మీద సబ్బులు, టీపొడి తెచ్చేవాడు. మందు కూడా వస్తుంది దాని మీద. కానీ ఆ కౌంటరు వైపు తల తిప్పేవాడు కాదు.

ఇక నా సంగతి. క్రిస్మస్ కేకుకు ఎండుద్రాక్ష, జీడిపప్పు నెల ముందే రమ్ములో నానబెట్టి, పిండి కలిపి బేకరీకి తీసుకెళ్లి కాల్పించడం మా ఇంటి ఆనవాయితీ. మిలిటరీ రమ్మయితేనే ఆ వాసన వస్తుందని మా అత్తగారి పట్టింపు. మా చర్చిలో మిలిటరీలో చేసి వచ్చిన ఒక పెద్దాయన తన క్యాంటీన్ కోటాలోంచి తెచ్చి ఇచ్చేవాడు. ఆ సంవత్సరం ఆయన చనిపోయాడు. మా వాళ్లలో మిలిటరీ మనిషి కనబడితే కోటా సీసా అడగడం ఎవరికీ తప్పుగా తోచదు. ఇంటి పెరట్లో కరివేపాకు అడిగినట్టు అడుగుతారు. నేనూ అట్లాగే అడిగాను. అట్లాగేనా? లేదు. అడిగే ముందు సారు లోపల ఉన్నాడా అని చూశాను. తప్పు కాదనుకుంటే ఎందుకు చూస్తాను?

అన్నం తిన్న కంచం కడుగుతున్నాడు అన్న. చేయి ఆగింది.

"నన్నేనా చెల్లె గాడికి పంపేది?"

"నువ్వు మానేసినవ్ గదన్నా. సబ్బు తెచ్చినట్టే తెచ్చుడు. ఏమైతది?"

కడిగిన కంచాన్నే మళ్లీ కడిగాడు. "ఔ, తెస్త తియ్యి. నువ్వు అడిగితె కాదంటనా," అని నవ్వాడు.

శుక్రవారం నాడు పేపరులో చుట్టి తెచ్చి ఇచ్చాడు. చేతులు వణుకుతున్నాయి. చూశాను. చూసి కూడా సీసాను సంచిలో పెట్టుకుని, చల్లగా ఉండన్నా అన్నాను. తన కోసం ఇంకొకటి తెచ్చుకున్నాడని నాకప్పుడు తెలియదు. తెలియదని చెప్పి తప్పించుకోలేను. ఆ వణుకు తెలిసింది కదా.

ఆ ఆదివారమే కూతురు రావాల్సిన రోజు. ఎన్నో ఏళ్ల తర్వాత ఫోనులో ఒప్పుకుంది. మనవరాలి కోసం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద బొమ్మల పుస్తకం ఒకటి ఏరి తెచ్చాడు, అట్ట కూడా వేశాడు. ఆమె వచ్చింది, పాపను తీసుకుని. అన్న గదికి తాళం వేసి ఉంది. వెతకడానికి పోయిన తోటివాళ్లు అతన్ని స్టేషను గోడ దగ్గర్నించి రెండు రెక్కలు పట్టుకుని తీసుకొచ్చారు. లాగు తడిసిపోయి ఉంది. కూతుర్ని గుర్తుపట్టలేదు.

ఆమె ఏడవలేదు. వంటింటి గుమ్మంలోకి వచ్చి నన్నే అడిగింది.

"తాగుడు ఇడిసిన అని ఒట్టేసి చెప్పిండు అక్కా. ఎవరన్న ఇచ్చిన్రా?"

ఒక్క మాట చాలు. నేనే తెప్పించానమ్మా, నా కేకు కోసం పంపాను, నీ నాయన తప్పు కాదు అని. నాలుక మీదకు వచ్చింది. సారు వరండాలోనే ఉన్నాడు. పని పోతుందేమో, చర్చిలో తెలుస్తుందేమో.

"ఏం చెప్పాలె బిడ్డా. తాగెటోళ్ల ఒట్లు నమ్ముతమా."

ఆమె తల ఊపింది. అంతే. నేను పోసిన టీ మీద మీగడ కట్టింది, ముట్టుకోలేదు. తర్వాత ఫోను నంబరు మార్చేసింది.

సారు అడిగితే అన్న, నేనే తెచ్చుకున్న సార్ అన్నాడు. నా పేరు ఎత్తలేదు. ఆ ఇల్లు అతన్ని వదల్లేదు. తాళంచెవి అతని మెడలోనే ఉంది. దవాఖానకు తిప్పారు, రాత్రీపగలూ పక్కన కూర్చున్నారు. మళ్లీ లేవడానికి ఏడాదికి పైనే పట్టింది. ఆ తర్వాత ఇప్పటిదాకా ముట్టలేదు. ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్లకు దుప్పటి మడవడం నేర్పుతాడు.

కేకు ఏమైందంటారా? చేశాను. నానిన పండ్లు పారేయడానికి మనసొప్పలేదు. చర్చిలో అందరూ మెచ్చుకున్నారు. మరుసటేడు నుంచి రమ్ము మానేశాను. దాన్ని పశ్చాత్తాపం అనుకోవడానికి కొన్నాళ్లు ప్రయత్నించాను కూడా.

సీసా సంగతి అన్నకు తెలుసు. కూతురితో నేను ఆడిన మాట మాత్రం అతనికి తెలియదు. పుస్తకం ఇంకా కిటికీలోనే ఉంది. ఆదివారం ఆదివారం దుమ్ము తుడుస్తాడు. మొన్న తుడుస్తూ, "బొమ్మలు జూసే ఈడు దాటిందేమో చెల్లె పిల్లకు," అన్నాడు. నేను ఇంకొంచెం చారు పోశాను. నా చేత అయ్యేది అదేనా? ఆ రోజు గుమ్మంలో జరిగింది చెబితే ఆ కంచం ముందు నుంచి లేచిపోతాడేమో. చెప్పకపోతే, తన వల్లే బిడ్డ దూరమైందనుకుంటూ ఉంటాడు. ఇన్నాళ్లూ నా భయాన్నే నేను ఎంచుకున్నాను.

మీకు చెప్పాను. నన్ను క్షమించమని అడగను, అది మీ చేతిలో లేదు. నోట్లోంచి ఒకసారి బయటికి వచ్చింది, అంతే. ఇక మీరు లేవండి, పొద్దుపోయింది. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ గడపకు మనసు మార్చుకుని వచ్చిన బిడ్డ ఎవరైనా, నాలాంటిదాని మాట విని వెనక్కి మళ్లకుండా ఉండాలి.