హోటల్ తువాలు

ఈ రోజు బెల్లంపల్లి పోయి ఒళ్లు మండి తిరిగొచ్చాను.

నిజాం రాజ్యం పోయినా నా మగ్గం మీద పాత తువాలే నడుస్తోందని మా చొప్పదండిలో అందరూ నవ్వుతుంటే, పట్టుబట్టి ఎండాకాలమంతా కూర్చుని దళసరి తువాలు నేశాను. బొగ్గు బాయి కార్మికులు స్నానం చేసి ఒక్కసారి తుడుచుకుంటే ఒళ్లు ఆరిపోవాలని నా ఆశ. బస్సూ రైలూ మారి, మూట తీసుకెళ్లి బాయి దగ్గర మల్లయ్య చాయ్ హోటల్లో విప్పాను.

ఒక కార్మికుడు తువాలు నలిపి చూశాడు. "మంచిగనే ఉంది గానీ తమ్మీ, గింత మందముంటే రేపు షిఫ్టు దాకా ఆరదు."

మిగతావాళ్లూ పక్కన పెట్టేశారు. మళ్లీ నేత మార్చాలంటే ఇంకో ఎండాకాలం.

మల్లయ్య చాయ్ వడపోయడం ఆపి, రోజంతా మండే పొయ్యి వెనక ఒక తాడు కట్టాడు. "తడి తువాలు గీడ ఏసి పోండ్రి. రేపు పొద్దుగాల వచ్చి చాయ్ తాగి తీసుకపోండ్రి" అన్నాడు.

మూట ఖాళీ అయింది. "ఏం ఉపాయం చేసినవ్ మల్లన్నా" అని అందరూ ఆయన్నే మెచ్చుకున్నారు.

"నేసింది నేను గదా అన్నా" అన్నాను, ఉండబట్టలేక.

"నువ్వే నేసినవ్. ఎవరు కాదన్నరు? చాయ్ తాగు."

నేను రైలెక్కేలోపే దానికి 'హోటల్ తువాలు' అని పేరు పడిపోయింది. సరుకు తయారుచేసే సోదరులారా, మీకూ ఇట్లాగే అవుతుందా, లేక నా ఒక్కడి రాతేనా?