ఐదు ఆరులు ముప్పై

మూడో తరగతి టీచరమ్మకు ఎక్కాలంటే ప్రాణం. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఒకే గదిలో నిలబడి పిల్లల చేత వల్లె వేయించింది. ఆ క్లాసు గొంతు వీధి మలుపు దాకా వినిపించేది. ఆవిడ కొట్టేది కాదు, తిట్టేది కాదు. తప్పు చెప్పినవాళ్ళు ఆ పీరియడు అయ్యేదాకా బల్ల పక్కన నిలబడాలి, అంతే.

ఆ ఏడు సొంత మనవరాలే ఆవిడ క్లాసుకు వచ్చింది. ఇంట్లో అమ్మమ్మ, బడిలో టీచర్. మొదట్లో పిల్ల నోరుజారి బడిలో అమ్మమ్మా అనేసి నాలుక కరుచుకునేది. ఎక్కాల్లో మాత్రం దానికి తిరుగులేదు. పంతొమ్మిదో ఎక్కాన్ని వెనక నుంచి కూడా తడుముకోకుండా అప్పజెప్పేది. టీచరమ్మ పైకి ఏమీ అనకపోయినా లోపల పొంగిపోయేది.

ఒక ఆదివారం ఉదయం కూతురు బజారు నుంచి గుడ్ల అట్ట తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టింది. ఐదు వరసలు, వరసకు ఆరు, ఒక్క గుంట ఖాళీ లేదు. ఎన్నున్నాయో చూడమని టీచరమ్మ మాటవరసకు మనవరాలితో అంది. పిల్ల స్టూలెక్కి ఒక్కో గుడ్డునూ వేలితో తాకుతూ లెక్కపెట్టసాగింది. పదకొండు దగ్గర తప్పి మళ్ళీ మొదటికొచ్చింది.

టీచరమ్మ చేతిలో పని ఆపేసింది.

"ఐదు ఆరులు ఎంతే?"

"ముప్పై," అంది పిల్ల తల తిప్పకుండానే.

"మరి ఇందులో ఎన్ని గుడ్లున్నాయి?"

"ఆగు అమ్మమ్మా, ఇంకా లెక్కపెడుతున్నా."

"ఐదు ఆరులు ముప్పై అన్నావు కదా తల్లీ."

పిల్ల అయోమయంగా చూసింది. "అది ఎక్కం కదా. ఇవి గుడ్లు."

ఆ మాటకు కూతురు నవ్వబోయి, తల్లి మొహం చూసి ఆగిపోయింది. కాసేపటికి మెల్లగా, తనకూ చిన్నప్పుడు అంతేనని చెప్పింది. ఎక్కం అంటే పాట లాంటిదే అనుకుందట. అది దేనికో ఏడో తరగతిలో గాని అర్థం కాలేదట. అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగితే, "అందరికీ తెలుసనుకున్నానమ్మా, నిలబెడతావేమోనని భయమేసింది" అంది.

మర్నాడు టీచరమ్మ ఎక్కాలు చెప్పించలేదు. క్లాసు కిటికీకి ఇనప చట్రం ఉంది: ఏడు వరసల గళ్ళు, వరసకు నాలుగు. అవి ఎన్నో పలక మీద రాయమంది. నలభై ఒక్కమంది పిల్లలు. చూస్తుండగానే ఇంచుమించు అందరూ మునివేళ్ళ మీద లేచి, కిటికీ వైపు వేళ్ళు చాపి, పెదాలు కదుపుతూ ఒకటి, రెండు, మూడు అని మొదలుపెట్టారు. ఆ చూపుడు వేళ్ళన్నీ తనవైపే చూపిస్తున్నట్టు ఆవిడకు అనిపించింది.

లెక్కపెట్టకుండా రాసింది ఒక్కతే. కుట్టుపని చేసే ఆవిడ కూతురు. ఏడో ఎక్కం ఏనాడూ సరిగ్గా చెప్పలేక, ఆ ఏడంతా బల్ల పక్కనే నిలబడిన పిల్ల. పలక మీద ఇరవై ఎనిమిది అని ఉంది. ఎలా వచ్చిందని అడిగితే, తప్పు చేసినట్టు లేచి నిలబడింది.

"మా అమ్మ దగ్గర గుండీల అట్టలు ఇలాగే ఉంటాయి టీచర్. రెండు వరసలు ఎనిమిది. ఇంకో రెండు కలిపితే పదహారు. అలా పోతే వచ్చేసింది."

"కూర్చోమ్మా," అంది టీచరమ్మ. ఆ మాట ఆ పిల్లతో అనడం అదే మొదటిసారని అన్నాక గాని ఆవిడకు తోచలేదు.

మధ్యాహ్నం స్టాఫ్ రూంలో ఒక కాగితం తీసుకుంది. ఏడాదికి నలభైమంది, ఇరవై తొమ్మిదేళ్ళు. వెయ్యీ నూట అరవై వచ్చింది. ఆ అంకెను చాలాసేపు చూస్తూ ఉండిపోయింది. హెడ్‌మాస్టరుకు చెబితే, పిల్లలంతా పాసవుతున్నారు కదండీ, ఇప్పుడివన్నీ ఎందుకు కదపడం అని ఫైల్లో తల దూర్చాడు.

ఆవిడ కదిపింది. రిటైరయ్యే దాకా మిగిలిన రెండేళ్ళూ చింతగింజలు, బటన్లు, మెట్లు, కిటికీలు పట్టుకుని కూర్చుంది. వల్లె వేయడం పీరియడు మొదట్లోంచి చివర్లోకి మారింది. పిల్లలకు ఎక్కాలు రావడం లేదని కొందరు తల్లిదండ్రులు గొడవపెట్టారు. నిజమే, పన్నెండో ఎక్కం దాటలేదు.

కుట్టుపని ఆవిడ ఇంటికి కూడా వెళ్ళింది. మీ అమ్మాయిని ఏడాదంతా అన్యాయంగా నిలబెట్టానని చెప్పబోతే, ఆవిడ మిషను ఆపి విస్తుపోయింది. నిలబెట్టిన సంగతే పిల్ల ఇంట్లో చెప్పలేదట. రోజూ బడి నుంచి రాగానే కాళ్ళు నొప్పులంటుంటే, ఎదిగే వయసు కదా అనుకుందట.