టికెట్ లేకుండా ఎక్కిన వాయువు

మొన్న మదనపల్లెలో మా మేనత్త మనవరాలికి తోడుగా కీళ్ళ డాక్టరు దగ్గరికి పోయాను. పిల్ల అనే పిలుస్తాను గానీ, ఆమెకూ నలభై దాటింది. పొద్దున లేస్తే వేళ్ళు ముడుచుకోవు. డాక్టరు వేళ్ళు చూసి ఊరుకోలేదు. బీపీ చూశాడు, కొలెస్ట్రాలుకు రక్తం తీయించాడు, ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉండిందా అని అడిగాడు. బయటికొచ్చాక ఆ పిల్ల, “చేతులు నొస్తాండాయంటే గుండెను తడుముతాడేంది పెదనాయనా?” అంది. “మీ అవ్వ వాయువు ఇంకా బస్సు దిగలేదమ్మా” అన్నాను.

వాళ్ళ అవ్వ, అంటే మా మేనత్త, పుంగనూరులో ఉండేది. వేళ్ళు వాచినా, మోకాలు పట్టేసినా ఆమె పెట్టే పేరు ఒక్కటే, వాయువు. సంతలో ఎవడో ఇచ్చిన తెల్లమాత్రలు మింగితే నొప్పి తగ్గింది గానీ, మొహం పూరీలా ఉబ్బింది. “సూడు, కండ పట్టినా” అని మురిసిపోయేది. ఆకువక్కలోకి పొగాకు, సంగటిలోకి ఊరగాయ సరేసరి. నేనేమో అయిదో తరగతితోనే బడికి దండం పెట్టి, ఎనభైల మొదట్లో కుప్పం, మదనపల్లె మధ్య తిరిగే ప్రైవేటు బస్సులో కండక్టరుగా కుదురుకున్నాను.

ఒకనాడు అత్త మూట చంకన పెట్టుకుని పుంగనూరు బస్టాండుకొచ్చింది. కుప్పంలో కూతురికి కాన్పు దగ్గరపడింది. కొంచెం నడుస్తుంది, ఆగుతుంది. మొహమంతా చెమట, అరచెయ్యి రొమ్ము మీద.

“ఏమైందత్తా?”

“ఏమీల్యా. వాయువు కీళ్ళల్లోంచి ఎదలోకెక్కింది. ఎల్లిపాయ నమిలినాలే.”

“టికెట్ లేకుండా ఎక్కిందా?”

“నీ నోట్లో మన్నుపడ! నడిస్తే ఎక్కతాది, నిలబడితే దిగతాది. ముందు నన్ను కుప్పం బస్సెక్కించు.”

నా నవ్వు ఆగిపోయింది. నడిస్తే ఎక్కి నిలబడితే దిగే ఆ నొప్పి సంగతి మా బస్సు ఓనరు నోట విన్నాను, ఆయన గుండెపోటుతో చనిపోవడానికి కొద్దిరోజుల ముందు. ఆస్పత్రికి పోదామంటే అత్త మూటతోనే కొట్టేరకం. మా బస్సేమో అప్పుడు మదనపల్లె వైపు పోతోంది. “ఇదే కుప్పం బస్సు, ఎక్కత్తా” అన్నాను. బస్సెక్కితే ఆమెకు వాంతి భయం. నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుంటే ఊరొచ్చేదాకా తెరవదు.

“అప్పుడే కుప్పమొచ్చేసిందా?”

“కొత్త డ్రైవరత్తా.”

మదనపల్లె ఆస్పత్రి గేటు చూశాక ఆమె తిట్టిన తిట్లు కాగితం మీద పెట్టేవి కావు. డాక్టరమ్మ ఈసీజీ తీయించి, “గుండెకు రక్తం సరిగా అందడం లేదమ్మా. ఇట్లాంటి కీళ్ళవాపు ఉన్నవాళ్ళు గుండెను కూడా కనిపెట్టుకోవాలి” అంది. అత్త లేచి కూర్చుంది. “నేనేమంటిని? వాయువు కీళ్ళల్లోంచి ఎదకెక్కిందంటే వీడు నవ్వినాడు సూడమ్మా!”

“పేరు నీ ఇష్టం. మందు మాత్రం వెల్లుల్లి కాదు.”

అక్కడే కొన్నాళ్ళు పెట్టుకున్నారు. పొగాకు మాన్పించారు, ఊరగాయ తగ్గించమన్నారు. ఆ తెల్లమాత్రలు స్టెరాయిడ్లట, ఒక్కసారిగా ఆపితే ప్రమాదమని డాక్టరమ్మే మెల్లమెల్లగా తగ్గించింది. వాపు తగ్గాక నెమ్మదిగా నడవమంది. “నడిస్తే కీళ్ళు ఏడుస్తాయి, కూసుంటే గుండె ఏడుస్తాది, నేనెవర్ని ఓదార్చేదమ్మా?” అంది అత్త.

ఈలోపల కుప్పంలో మనవరాలు పుట్టేసింది, మొన్న నేను తోడుపోయిన పిల్లే. కాన్పుకు లేకుండా చేశానని ఆమెకు నా మీద తీరని కోపం. ఇంటికొచ్చాక సాయంత్రం నా బస్సు వేళకు బస్టాండుదాకా నడిచొచ్చి, కడుపారా తిట్టి, మళ్ళీ నడిచి పోయేది. మాత్రలు మరిచినా ఇది మరిచేది కాదు. ఆ మనవరాలి పెళ్ళిపందిట్లో కూడా అందరి ముందూ, “ఇది పుట్టిన్నాడు నన్ను మదనపల్లెకు తోలినోడు వీడే” అని చూపించింది.

కాలం తిరుగు టికెట్ ఇవ్వదంటారు. ఆ రోజు ఎదురు దిక్కుకు పోయే బస్సెక్కినందుకు మాత్రం మా అత్తకు ఇంకొంత దూరం దొరికింది, ఆ దూరం పొడుగునా నాకు తిట్లు దొరికాయి.