మామ్మ పేరూ, ఎండబెట్టిన సెల్సూ

దేశంలో ఇన్ని పెద్ద సమస్యలుండగా ట్రాన్సిస్టరు సెల్సు గురించి రాస్తున్నందుకు పాఠకలోకం నన్ను క్షమించాలి.

మా మామ్మ సెల్సును వాడదు, పరిపాలిస్తుంది. నీరసించినవాటిని వడియాల పక్కన ఎండబెట్టి మళ్లీ వేస్తుంది. పాట అడిగిన శ్రోతల పేర్లు చదువుతున్నంతసేపూ రేడియో కట్టేసి, పాట వేళకు పెడుతుంది. ఈ మధ్యాహ్నం మాత్రం పేర్ల కోసమే పెట్టింది. విశాఖలో ఉన్న మా అక్క, మామ్మ పేరు కూడా రాసి పాట అడిగిందట.

"కొత్తపేట" అని మా ఊరి పేరు వినిపించగానే రేడియో గొంతు సన్నబడి ఆగిపోయింది. మామ్మ సెల్సు తీసి అరచేతుల మధ్య రుద్దింది. లాభం లేకపోయింది. నేను సందు చివర కాఫీ హోటల్లోని రేడియో దగ్గరికి పరిగెత్తి, తిరిగొచ్చాను.

"నా పేరు చదివేరంట్రా?"

"ఆయ్, చదివేరు మామ్మా. సుబ్బాయమ్మ గారు అని చదివేరు."

"గారు కూడానా? నేనెవరో వాళ్లకేం తెలుసురా," అంటూ చెంగుతో రేడియో తుడిచింది. "మర్యాదస్తులు."

మీ ఇళ్లలో సెల్సు ఎన్ని ఎండలు చూస్తాయో మీరూ చెప్పండి. నా సంగతంటారా, నేను వెళ్లేసరికి పాట సగమైంది. హోటల్లో పేర్లు విన్నవాళ్లెవరూ లేరు. మామ్మ పేరు చదివారో లేదో నాకు తెలియదు. "గారు" మాత్రం నేనే చేర్చాను.