నల్లగొండ నీళ్లు అని రాసిన కార్డు

2019 జూన్ 11, మంగళవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు. మైత్రీవనం వెనక సందులో, మొదటి అంతస్తులో ఉన్న నా దంతవైద్యశాలకు తల్లీకూతుళ్లు వచ్చారు. తల్లి యాదమ్మ. కూతురు అనూషకు పందొమ్మిదేళ్లు. అమీర్‌పేటలోనే హాస్టల్‌లో ఉండి కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటోంది.

"ఇరవై నాలుగున ఇంటర్వ్యూ ఉంది మేడం. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటున్న. జల్ది క్యాపులు వేసెయ్యండి" అంది అనూష.

ఇద్దరూ నాకు పాతవాళ్లే. పేషెంట్ల కార్డులు నేనే రాసి, నేనే దాస్తాను. బీరువాలోంచి తీశాను: 2012 అక్టోబర్, వయసు పన్నెండు, ఊరు నల్లగొండ దగ్గర. దాని కింద నా అక్షరాలతో ఒకటే మాట, ఫ్లోరోసిస్. అంటే నీటిలోని ఫ్లోరైడ్ వల్ల పళ్లపై మచ్చలు పడటం. మా తరం దంతవైద్యులకు అదో అలవాటు. పచ్చటి పళ్లు కనిపిస్తే ముందు ఊరు అడుగుతాం. నల్లగొండ అని వినపడగానే కలం రాసేస్తుంది.

క్యాపులకు ముందు ఓపీజీ తీయించాను. రెండు దవడలూ ఒకే ఫిల్మ్‌లో కనిపించే ఎక్స్‌రే అది. పంటిపై పొర అయిన ఎనామెల్ అందులో తెల్లటి టోపీలా మెరవాలి. ఒక్క పంటికీ లేదు. నాలుగు పళ్లు ఎముకలోనే ఉండిపోయాయి. పళ్ల లోపల నరం ఉండే గదుల్లో సున్నపు గింజలు. చిగుళ్లు ఉబ్బి పళ్లను సగం కప్పేశాయి. ఇలాంటి నోటిని గురించి ఒకసారి చదివాను. ఆ వ్యాసంలో నోటి తర్వాత మూత్రపిండాల బొమ్మలున్నాయి.

"పాలపళ్లు ఎలా ఉండేవి యాదమ్మా?"

"గిట్లనే ఉండె. అప్పుడే చెప్పిన గద మేడం. నీళ్లతోనే అని మీరే అంటిరి."

నీళ్ల ప్రభావం పాలపళ్ల మీద ఇంతగా ఉండదు. పాలపళ్ల సంగతి ఆమె 2012లోనే చెప్పింది. నేను రాసుకోలేదు.

"మీ ఆయన మీకు ముందే చుట్టమా?"

"మా మేనమామే."

అనూషను అడిగాను, రాత్రి మూత్రానికి ఎన్నిసార్లు లేస్తావని.

"నాలుగైదు సార్లు. హాస్టల్ల నన్ను వాచ్‌మన్ అంటరు" అని చేయి అడ్డం పెట్టుకుని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. స్కాన్, రక్తపరీక్ష రాసి పంజాగుట్టలోని స్కానింగ్ సెంటర్‌కు పంపాను. మధ్యాహ్నం నలుగురు పేషెంట్లను వెనక్కి పంపేశాను. నా అనుమానం తప్పు కావాలని గడియారం చూస్తూ కూర్చున్నాను. ఆరు గంటల ఐదు నిమిషాలకు వచ్చారు.

"పండ్ల డాక్టర్ కడుపు స్కాన్ రాసుడేంది అని ఆడ నవ్విండ్రు మేడం" అంటూ అనూష కవరు ఇచ్చింది.

రెండు మూత్రపిండాల నిండా సున్నం. నెఫ్రోకాల్సినోసిస్ అంటారు. అవి రక్తం నుంచి వడకట్టాల్సిన క్రియాటినిన్ ఒకటి దాటకూడదు, 3.8 ఉంది. నొప్పి లేదు కనుక ఎవరికీ తెలియలేదు. తర్వాత జన్యుపరీక్ష కూడా అదే చెప్పింది: తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, పళ్ల పొరనూ మూత్రపిండాలనూ దెబ్బతీసే ఒకే జన్యువుకు రెండు ప్రతులూ చెడ్డవే వచ్చాయి.

మర్నాడు కిడ్నీ డాక్టర్ దగ్గరికి నేనూ వెళ్లాను. "ముందే తెలిస్తే ఆ సున్నాన్ని తీయలేకపోయేవాళ్లం. కానీ బీపీ, ఇన్ఫెక్షన్లు చూసుకుంటూ కొన్నేళ్లు కాపాడేవాళ్లమేమో" అన్నారాయన.

బయటికొచ్చాక యాదమ్మతో, తప్పు నాదని చెప్పాను.

"అన్నీ రాసుకుంటరు గద మేడం. గా ఒక్క మాట ఎందుకు రాయకపోతిరి?" అంది. తర్వాత, "ఇంట్ల చిన్నదానికి సుత గివే పండ్లు" అంది.

చిన్నమ్మాయికి తొమ్మిదేళ్లు. శనివారం స్కాన్ తీయించాను. ఆమె మూత్రపిండాల్లో సున్నపు చుక్కలున్నాయి, పని మాత్రం సరిగానే చేస్తున్నాయి. ఇప్పటికీ ఆరు నెలలకోసారి పరీక్షలకు వెళ్తోంది.

ఆ తర్వాత నేను ఊరి పేరు చివర అడగడం నేర్చుకున్నాను. పాలపళ్లు ఎలా ఉండేవి, చిగుళ్లు ఎలా ఉన్నాయి, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, ఇవి ముందు. తల్లి చెప్పిన మాట ఆమె చెప్పినట్టే కార్డు మీదికి ఎక్కుతుంది.

అనూష పోగొట్టుకున్నవి: పళ్లు పదకొండు. ఇంటర్వ్యూ ఒకటి. మూత్రపిండాలు రెండు. 2021 నుంచి వారానికి మూడు రోజులు, డయాలసిస్ మంచం మీద.

నేను పోగొట్టినవి: ఆరేళ్ల ఎనిమిది నెలలు.